మొగలుల తూర్పు పొలిమేర

మొగలు సామ్రాజ్యము తూర్పున ఎందుకు ఆగిపోయినది? వాయవ్యమున కాబూలు వరకును, దక్షిణమున తమిళదేశము వరకును వ్యాపించిన ఆ మహాశక్తి, బంగాళమును లోబరచుకొనిన పిమ్మట అస్సాములో మాత్రము కాలు నిలుపుకొనలేకపోయెను. 17వ శతాబ్దిలో పదేపదే దండెత్తినది, గెలిచినది కూడ. గెలిచిన నేలను నిలుపుకొనుటయే దానికి సాధ్యము కాలేదు.

ఈ కథలో ముఖ్యుడైన మీర్ జుమ్లా ఆంధ్రదేశమునకు క్రొత్తవాడు కాడు. పారసీకమునుండి వచ్చి, గోలకొండ వజ్రముల వర్తకమున ధనికుడై, కుతుబ్‌షాహి సుల్తానునకు మంత్రియైనవాడు. 1650 ప్రాంతమున గండికోటను పట్టినది ఈతడే. పెన్న కోసిన లోయ అంచున నిట్టనిలువు బండలమీద నున్న ఆ దుర్గమును చూచినవారికి, అది ఎట్టి విజయమో వేరుగ చెప్పనక్కరలేదు. తరువాత ఔరంగజేబు పక్షము చేరి, బంగాళమునకు సుబేదారై, 1661 చివర ఢాకానుండి ఈశాన్యమునకు కదలెను. వెంట 12 వేల గుర్రపుదళము, 30 వేల కాల్బలము, మూడు వందలకు పైగా నావలు ఉండెనని చెప్పుదురు.

1662 మార్చిలో అహోముల రాజధాని గఢ్‌గావ్ ఆతనికి చిక్కెను. రాజు జయధ్వజసింహుడు కొండలలోనికి తప్పుకొనెను. ఏనుగులు, ఫిరంగులు, ధాన్యపు కొట్లు దొరకెను. మైదానపు రాజ్యమైనచో యుద్ధము అంతటితో ముగిసియుండెడిది.

అప్పుడు వానలు మొదలయ్యెను. మొగలు దండు బలమంతయు పరుగెత్తు గుర్రములోను, వెనుకనుండి వచ్చు ధాన్యములోను ఉన్నది. గుర్రమునకు గట్టినేల లేకపోయెను. పెద్ద నావలు రాజధానికి దూరముగ లఖావు వద్దనే నిలిచిపోయినందున, ధాన్యమునకు దారి లేకపోయెను. వాగులు పొంగి, ఒక్కొక్క ఠాణా ఒక్కొక్క దీవి యయ్యెను. అహోములు రాత్రివేళ వచ్చి పడుచుండిరి. జ్వరములు, విరేచనములు సేనను తినివేసెను. ఆ దండుతో ఉండిన షిహాబుద్దీన్ తాలిష్ ఈ దురవస్థనంతయు పారసీకమున వ్రాసిపెట్టెను. నేయి, ఉప్పు, పప్పులు కరవై, పెద్ద సర్దారులు సయితము ముతక బియ్యముతో దినములు గడపవలసివచ్చెనట! వానలు వెలిసిన పిమ్మట 1663 జనవరిలో సంధి కుదిరెను. అహోము రాజు కప్పమునకు ఒప్పుకొని, తన కూతును మొగలు అంతఃపురమునకు పంపెను. కాగితము మీద విజయము మొగలులదే. మీర్ జుమ్లా మాత్రము వ్యాధిగ్రస్తుడై తిరిగిపోవుచు, ఆ మార్చిలోనే, ఢాకా చేరకుండగనే మరణించెను.

వానయే మొగలులను ఓడించినదని కొందరు తేల్చివేయుదురు. నాకది సమ్మతము కాదు. ఆ వాన అహోముల మీద కూడ కురిసినదే కదా! వారు 13వ శతాబ్దిలో పట్కాయి కొండలు దాటి వచ్చి, నాలుగు వందల యేండ్లుగా ఆ తడినేలలో వరి పండించుకొనుచున్నవారు. మట్టికట్టలు పోసి, వానినే బాటలుగను, ప్రాకారములుగను వాడుకొన్నవారు. ప్రజలు వంతుల ప్రకారము రాజ్యసేవకు వచ్చు ‘పైకు’ పద్ధతి వారికుండెను. కావున కట్ట తెగినచోట పనివారును, శత్రువు దిగినచోట భటులును ఆ యూరివారే యైరి. ఢాకానుండి వచ్చినవానికి ఆపదయైన నేల వారికి ఇల్లు.

1667లో అహోములు గౌహతిని తిరిగి పట్టుకొనిరి. ఔరంగజేబు అంబరు రాజు రామసింహుని పంపెను. అహోము సేనాని లాచిత్ బర్‌ఫుకన్ యుద్ధమునకు ఎన్నుకొన్న తావు గమనింపదగినది. కొన్నిచోట్ల పది కిలోమీటర్లకు మించి పరచుకొను బ్రహ్మపుత్ర, గౌహతి యొద్ద కొండల నడుమ ఇరికి సుమారొక కిలోమీటరునకు కుదించుకొనును. లాచిత్ కొండనుండి కొండకు మట్టికట్టలు పోయించి నేలదారిని మూసివేసెను. ఇక రామసింహునకు మిగిలినది నీటిదారి యొక్కటే. ఆ యిరుకు నీటిలో చురుకైన అహోము పడవలదే పైచేయి. 1671లో సరాయిఘాట్ వద్ద, తీవ్రమైన జబ్బుతో నున్న లాచిత్ తానే పడవ యెక్కి సేనను నడపెను. మొగలు నౌకలు వెనుదిరిగెను. మరల ఒకమారు గౌహతి వారి చేతికి పోయినను, 1682లో అహోములు దానిని గెలుచుకొనిరి. నాటినుండి పడమటనున్న మనాసనది పొలిమేర యయ్యెను.

అస్సాములో బ్రహ్మపుత్రపై తొలి వంతెన 1962లో పూర్తియైనది. దానికి ఇంజనీరులు ఎన్నుకొన్న తావును సరాయిఘాటే. లాచిత్‌కు వలెనే వారికిని ఆ యిరుకే కావలసివచ్చెను.