పడవ తొట్టెలో ముదిసిన పెట్రోలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



పుస్తకముల పండుగనాడు పెట్రోలు ముచ్చట యేమని పెద్దలు విస్తుపోవచ్చును. మన పఠనమందిరమునకు వచ్చువారిలో రేవువారు పెక్కురు. వేట నిషేధపు దినములలోనే వారికి చదువుకొను తీరిక. ఆ దినములలోనే వారి తొట్టెలలోని పెట్రోలు ముదియుచుండును. కావున ఈ రెండింటికిని పొత్తు లేకపోలేదు.

మన తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు, 61 దినములు, ఇంజను పడవలు వేటకు పోరాదు. పెద్ద మరపడవలు డీజిలుతో నడచును. వాని ప్రస్తావన నాకిపుడు లేదు. చిన్న పడవలకు వెనుక తగిలించు పెట్రోలు ఇంజన్ల సంగతియే చెప్పెదను.

పెట్రోలు ఒక్క పదార్థము కాదు, అనేక ద్రవముల కూటమి. వానిలో తేలికయైనవి మొదట ఆవిరియై పోవును. మొదటి లాగుడుకే ఇంజను అందుకొనుట వాని చలువయే. మిగిలినది గాలిలోని ప్రాణవాయువుతో కలిసి క్రమముగ జిగురు కట్టును. ఆ జిగురు కార్బురేటరులోని సన్నని రంధ్రములను పూడ్చును. రంగు ముదిరి, వాసన పులిసి, వార్నీషును తలపించిన పెట్రోలు ఈ దశకు వచ్చినదని యెఱుగునది. ఎండలో, సగము ఖాళీగా నున్న తొట్టెలో, ఈ ముదిమి త్వరపడును. ఇది పాత జబ్బే.

క్రొత్త జబ్బు వేఱు. మన దేశమున పెట్రోలులో ఎథనాలు కలుపుట 2022 నాటికి నూటికి 10 పాళ్ళకు చేరినది. 20 పాళ్ళు కలిపినది 2023 ఫిబ్రవరిలో విక్రయమునకు వచ్చి, 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. దానివలన దేశమునకు కలుగు లాభనష్టములను విచారించుట నా పని కాదు. పడవవాని లెక్క మాత్రము చూచెదను. అనేక ఔట్‌బోర్డు ఇంజన్ల తయారీదారులు 10 పాళ్ళకు మించిన ఎథనాలు వలదని తమ పుస్తకములలో వ్రాసియున్నారు. మీ ఇంజనుతో వచ్చిన పుస్తకమును ఒకమాఱు తిరుగవేయుడు.

అలంకారశాస్త్రమున రెండు న్యాయములు చెప్పుదురు. నువ్వులు బియ్యము వలె కలిసియు వేఱుగ కనబడునది తిలతండుల న్యాయము. పాలు నీరు వలె విడదీయరాక కలియునది క్షీరనీర న్యాయము. ఎథనాలులేని పెట్రోలునకును నీటికిని తిలతండులపు పాటి పొత్తు కూడ లేదు. నీరు బరువు గనుక అడుగున నిలుచును. ఎథనాలునకు నీటితో క్షీరనీర న్యాయము. అది పెట్రోలుతోను కలియును గాని నీరు కనబడగానే దాని మనసు అటు మరలును. కొంతవఱకు ముగ్గురును ఒకే యింట కాపురముందురు. నీరు మితిమీరెనా, ఎథనాలు పెట్రోలును విడిచి నీటివెంట అడుగునకు దిగిపోవును.

ఆ మితి యెంత? 10 పాళ్ళు ఎథనాలున్న పెట్రోలు ఇంచుమించు నూటికి అరపాలు నీటిని మాత్రమే ఇముడ్చుకొనును. 20 లీటర్ల తొట్టెలో అది 100 మిల్లీలీటర్లు, అనగా అరగ్లాసు. 20 పాళ్ళున్నదానికి ఓర్పు కొంత హెచ్చు. విడిపోయినపుడు అడుగునకు దిగునదియు హెచ్చే. చల్లబడినకొలది ఈ ఓర్పు తగ్గును. పగలు తేటగా నున్నది తెల్లవాఱుజామున విడిపోవచ్చును. పడవలు కదలునది ఆ వేళనే గదా! ఇక నీటికేమి కొదవ? వదులు మూత, వాన, తుంపర, గాలిరంధ్రమున దూరు సముద్రపు తేమ చాలును.

రెండు స్ట్రోకుల ఇంజన్లు కలవారు ఇచ్చట చెవి యొగ్గవలెను. ఆ ఇంజనునకు వేఱుగ నూనె తొట్టె లేనియెడల, 50 పాళ్ళ పెట్రోలునకు ఒకపాలు చొప్పున పెట్రోలులోనే నూనె కలుపుదురు. తొట్టెలో ద్రవము విడిపోయినపుడు నూనె పైనున్న పెట్రోలును అంటియుండును. గొట్టము పీల్చునది అడుగునుండి! అడుగున నున్నది నీరును ఎథనాలును, నూనె లేదు. ఇంజను రాజుకొనకున్న అదృష్టమే. కొంతదూరము నడచెనా, నూనె లేక పిస్టను ఒరసికొని బిగియును. ఒడ్డున బిగిసినచో అది ఖర్చు పద్దు. కెరటములు విఱుగుచోట ఇంజను ఆగిన పడవ అలకు అడ్డము తిరుగును. అది చిట్టాలో వ్రాయు పద్దు కాదు.

మిగిలిన పది లీటర్లను వదలుకొనుటకు ఎవరికిని మనసు రాదు. లెక్కలు వ్రాయువాడను గనుక నాకు తెలియును. అందుకే నిషేధమునకు ముందు వారమున నాటినాటికి కావలసినంతయే నూనె కలుపుకొనుడు. కలుపని పెట్రోలు మోటారుసైకిలునకైన పనికివచ్చును. చివరి దినమున ఇంజను నీటిలో నుండగానే గొట్టము ఊడదీసి ఆగువఱకు నడపినచో కార్బురేటరు ఎండును. నిలువ మందులు విక్రయింతురు. అవి తాజా పెట్రోలునకే గాని ముదిసినదానిని తిరిగి పడుచు చేయవు.

వరదలకై ఉంచిన పడవల తొట్టెను ఖాళీ చేయరాదు. 1986 ఆగస్టు గోదావరి వరదను చూచినవారికి కారణము చెప్పనక్కఱలేదు. ఆ పెట్రోలును నెలనెల తీసి వాడుకొని క్రొత్తది పోయవలెను. మన గ్రంథాలయమున పుస్తకముపై తేదీముద్ర వేసినట్లు డబ్బాపై తేదీ వ్రాయుడు.

అనుమానము కలిగినపుడు తొట్టె అడుగునుండి చేతిపంపుతో తీసి గాజుసీసాలో పోసి, అరగంట కదల్పక చూడుడు. నోటితో పీల్చరాదు, ఊపిరితిత్తులలోనికి పోయిన ప్రాణాపాయము. సీసాలో నడుమ గీత కనబడెనా, దానిలో క్రొత్త పెట్రోలు పోసి లాభము లేదు, అంతయు తీసివేయవలెను. ఆ సమయమున బీడీ ముట్టింపరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. పడవ అడుగున కనబడక పొంచియుండును. తీసినదానిని కాలువలో గాని ఇసుకలో గాని పోయక, మూతగల డబ్బాలో మరమ్మతువానికి అప్పగింపుడు. కాలువలో పోసినది రేపు మన వలకే తగులును.