చెప్పు కుట్టిన చేతికి కూలి ఎంత?

మాకు పది నిమిషాలు ఇచ్చారు. మేము చెప్పుల గురించి మాట్లాడతాం. నవ్వొస్తే నవ్వండి, ఫరవాలేదు.

మా సంఘంలో పది మందిమి. అందులో ఆరుగురివి చెప్పులు కుట్టిన మాదిగ ఇళ్ళు. ఆ మాట సభలో ఎందుకు, చేతిపని అంటే సరిపోదా అని మాలోనే ఇద్దరు అన్నారు. రెండు మీటింగులు దాని మీదే నడిచాయి. పని ఎవరిదో దాచిపెట్టి దాని చరిత్ర చెప్పడం ఎలా కుదురుతుంది? అందుకని చెప్పాలనే తీర్మానం రాసుకున్నాం.

వెనక ఊళ్ళో ఎద్దో గేదో చనిపోతే తోలు మా వాడకు వచ్చేది. సున్నం నీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, కడిగి, లందలో వేసేవాళ్ళు. లంద అంటే తంగేడు చెక్క, కరక్కాయలు దంచి కలిపిన నీళ్ళ తొట్టి. దాంట్లో వారాల తరబడి ఉంటేనే తోలు కుళ్ళకుండా పదునెక్కుతుంది. రోడ్డు పక్కన పచ్చగా పూస్తుందే, ఆ తంగేడే. చెక్క కొట్టుకొచ్చింది, దంచింది, లందలో నీళ్ళు మార్చింది మా అమ్మమ్మలు. రంపెతో కోసింది, ఆరెతో కుట్టింది తాతలు. పనికి పేరు మాత్రం తాతలదే అయింది.

ఈ తంగేడు తోలు చిన్నదేం కాదు. మద్రాసు రేవు నుంచి ఓడల్లో ఇంగ్లండుకు పోయేది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల బూట్లకు ప్రభుత్వమే కొన్నది. 1903లో మద్రాసులో ఛాటర్టన్ అనే దొర క్రోమ్ మందుతో తోలు పదును చేసే ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఆ తర్వాత పని మెల్లగా లందల నుంచి ఫ్యాక్టరీలకు పోయింది.

మన డెల్టాలో సంగతి ఏంటంటే, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలవలు పారాయి. కాలవ నీళ్ళున్న చోట మోటకు తోలు బొక్కెనలతో పనేముంది? మెట్ట ఊళ్ళల్లో ఆ పని ఇంకా చాలాకాలం ఉంది. ఇక్కడ చెప్పులు, నాగలి వార్లు, డప్పులు. రైతుకు ఏడాదికి ఇన్ని జతలని కుట్టిచ్చేవాళ్ళు, కళ్ళంలో మేర కింద వడ్లు కొలిచేవాళ్ళు. తుమ్మముల్లు దిగకుండా అట్ట మందంగా వేసేవాళ్ళు. కిర్రు చెప్పులంటే పెద్దవాళ్ళకు గుర్తుంటాయి. గట్టు మీద ఎవరొస్తున్నారో ఆ చప్పుడుకే తెలిసేది.

ఆ చెప్పులు కుట్టినవాళ్ళు మాత్రం ఊరి వీధిలోకి వచ్చేటప్పుడు తమ చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాలి. ఇది పుస్తకాల్లో చదివింది కాదు, మా అమ్మమ్మలు నడిచిన నడక. ఈ సభకు మేమందరం చెప్పులేసుకునే వచ్చాం.

తర్వాత బాటా వచ్చింది, హవాయి వచ్చింది. చౌక, తడిసినా పాడవదు, ఎవరైనా కొనుక్కోవచ్చు, ఎవరికీ మేర కొలవక్కర్లేదు. హవాయి చెప్పుల్ని మేము తిట్టం. మా అమ్మల కాళ్ళకు మొదట దొరికింది అదే.

ఇప్పుడు కొల్హాపూర్ సంగతి వినండి. ఆ చెప్పులకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మహారాష్ట్రలో నాలుగు జిల్లాలు, కర్ణాటకలో నాలుగు జిల్లాలు, ఆ పేరు వాళ్ళదే. అయినా 2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్ ఫ్యాషన్ షోలో ప్రాడా అనే పెద్ద కంపెనీ అచ్చం అలాంటి చెప్పుల్నే చూపించి, ఎక్కడివో చెప్పలేదు. జనం గొడవ చేశాక ఒప్పుకుంది. ఆ ఏడాది డిసెంబరులో రెండు రాష్ట్రాల తోలు కార్పొరేషన్లతో ఒప్పందం చేసుకుంది. అక్కడి పనివాళ్ళతో 2,000 జతలు చేయిస్తామంది. జత ధర సుమారు 800 యూరోలు, మన డబ్బుల్లో 80 వేల పైమాటే. అందులో కుట్టినవాళ్ళ చేతికి ఎంత వస్తుందో అడగాలని మాకనిపించింది. అడగాల్సింది అదొక్కటే కదా.

మాకు దానికంటే నచ్చింది అథణి. బెళగావి జిల్లాలో ఊరు. అక్కడ మనలాగే సంఘాల్లో ఉన్న ఆడవాళ్ళు టో హోల్డ్ అనే పేరుతో కొల్హాపురీలు చేసి విదేశాలకు కూడా పంపారు. అక్కడా అంతకుముందు పైపట్టీల అల్లిక, కుట్టు ఆడవాళ్ళది, బేరం మగవాళ్ళది. సంఘం కట్టాక లెక్క ఆడవాళ్ళ చేతికొచ్చింది.

ఇక మా లెక్క. తోలు మేము పదును చేయడం లేదు, తయారైన తోలే కొంటున్నాం. జతకు తోలు, అట్ట, జిగురు, దారం కలిపి 240 రూపాయలు. ఒక మనిషికి దాదాపు రోజు పని. నగరంలో ఒక షాపతను చూసి, బాగున్నాయమ్మా, 300కి ఇవ్వండి అన్నాడు. అంటే రోజంతా కుట్టినామెకు 60 రూపాయలు! నాట్లకు పోయినా అంతకంటే వస్తుంది. బీసెంట్ రోడ్డులో రెగ్జిన్ జత 150కి దొరుకుతుంటే మీవి ఎవరు కొంటారమ్మా అంటాడు. రెగ్జిన్‌కూ తోలుకూ తేడా అంచు చూస్తే తెలుస్తుంది. వెనక గుడ్డ నేత కనిపిస్తే రెగ్జిన్, పీచుపీచుగా ఉంటే తోలు.

ఏ చీర మీదకు ఏ జత అని చాలామంది అడుగుతున్నారు. మంగళగిరి నూలు చీరకు అంచే అందం, దాని మీదకు బొటనవేలి పట్టీ ఉన్న సాదా జత చాలు. పెడన కలంకారీకి ముదురు గోధుమ రంగు. ఆ గుడ్డకూ కరక్కాయ నీళ్ళే పట్టిస్తారు, అందుకేనేమో రెండూ ఇట్టే కలుస్తాయి. పట్టుచీరకు జడ అల్లిక పట్టీ. కొత్తలో కరుస్తాయి, కొంచెం ఆముదం రాసి రోజూ గంటసేపు వేసుకోండి. వానలో, బురదలో వద్దు. తడిస్తే కాగితం కూరి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే పగులుతుంది. మన తేమకు ప్లాస్టిక్ కవరులో కట్టిపెడితే బూజు ఖాయం.

సమాఖ్యను మేము అడిగేది లక్షన్నర అప్పు, డ్వాక్రా బజారులో ఒక స్టాలు. జత 500. అందులో 200 కుట్టుకూలి. సంఘం పుస్తకంలో దానికి వేరే గడి గీశాం, కుట్టినామె పేరు మీదే పడుతుంది, ఆమె ఇంటాయన పేరు మీద కాదు. మిగిలిన 60 రవాణాకు, వాయిదాకు. బేరం ఆడితే తగ్గేది ఆ 60లోనే, 200లో కాదు. తీర్మానం మధ్యాహ్నం చదువుతారు.

ఎనిమిది జతలు వెనక బల్ల మీద పెట్టాం, 4 నుంచి 8 సైజు దాకా ఉన్నాయి. భోజనాల టైములో వేసుకుని నాలుగడుగులు నడిచి చూడండి. ఎక్కడ కరుస్తుందో మొహమాటం లేకుండా చెప్పండి, బల్ల దగ్గర మావాళ్ళు రాసుకుంటారు.