తేలనిది కూడా రాయండి

ఈరోజు పట్టా పుచ్చుకుంటున్న ఫోరెన్సిక్ విద్యార్థులందరికీ మనసారా అభినందనలు.

రేపటి నుంచి మీ బల్ల మీదికి వచ్చేవి ఎక్కువగా ఫోన్లే. అయినా ఈ విద్యలోని మూలసూత్రాలన్నీ ఒక పాత ఐపాడ్‌లో కనిపిస్తాయి. 2001 అక్టోబరులో ప్రకటించిన తొలి ఐపాడ్‌లో 5 గిగాబైట్ల హార్డ్ డిస్క్ ఉండేది. పాటలు వినిపించే ఆ పరికరంలో పత్రాలు, ఫొటోలు, ఏ ఫైలైనా దాచుకోవచ్చు. చెరిపేసిన ఫైలు సైతం, ఆ చోట మరొకటి రాసేదాకా దొరికే అవకాశం ఉంది.

అయితే రైట్ బ్లాకర్ లేకుండా దాన్ని కంప్యూటర్‌కి తగిలిస్తే ఐట్యూన్స్ సింక్ మొదలుపెట్టి సాక్ష్యాన్నే మార్చేయవచ్చు. అందుకే ముందు ఇమేజ్ తీయాలి, హ్యాష్ విలువ నమోదు చేయాలి, పరీక్షంతా ఆ నకలు మీదే జరగాలి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్, సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువనూ, నిపుణుడి సంతకాన్నీ అడుగుతోంది. ఆ సంతకం ఇకపై మీది.

తర్వాత కాలం సంగతి. విండోస్‌కి సిద్ధం చేసిన ఐపాడ్‌లో ఉండే ఫ్యాట్32 స్థానిక సమయం రాస్తుంది, అది ఏ ప్రాంతపు సమయమో రాయదు. మ్యాక్‌కి సిద్ధం చేసినదాంట్లో హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ గ్రీన్‌విచ్ సమయం రాస్తుంది. ఈ తేడా చూసుకోకపోతే మన దగ్గర అయిదున్నర గంటలు తారుమారవుతాయి. ఫలానా వేళ మనిషి ఎక్కడున్నాడన్న ప్రశ్న మీద నడిచే కేసులో ఆ అయిదున్నర గంటలు ఒక నిర్దోషిని జైలుకు పంపగలవు.

ఐపాడ్‌లో కనపడకుండా ఉండే ఐపాడ్ కంట్రోల్ ఫోల్డర్ తెరిస్తే ఏ పాట ఎన్నిసార్లు మోగిందో, చివరిసారి ఎప్పుడు మోగిందో తెలుస్తుంది. ఏ కంప్యూటర్‌తో జతపడిందో, అందులోని యూజర్ పేరేమిటో కూడా సాధారణంగా దొరుకుతుంది. పాట మోగిందని రుజువు చేయగలం. ఎవరు విన్నారో ఆ ఫోల్డర్ చెప్పదు. యూజర్ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, ఒకే కంప్యూటర్‌ను ఇంటిల్లిపాదీ వాడవచ్చు.

కాబట్టి మీ రిపోర్టులో ఏం తేలిందో రాసిన చోటే, ఏం తేలలేదో కూడా రాయండి. ఆ వాక్యం తీసేయమని ఎంత పెద్దవారు అడిగినా తీయకండి. బాధితుడికైనా, నిందితుడికైనా మీరు చేయగల న్యాయం అదే. శుభం భూయాత్.