కాలు కింద పెట్టని ఆరు వారాలు

(వైశాలి నగర్ శాఖ నెలవారీ సిబ్బంది సమావేశంలో హెడ్ క్యాషియర్ చేసిన ప్రసంగ పాఠం)

వచ్చే నెల మన దఫ్తరీ బాబాయ్ చీలమండకి ఆపరేషన్ చేయించుకుంటున్నారు. నాకు 2022లో అయింది. "నువ్వు పడ్డదంతా చెప్పమ్మా, ఆయన కాస్త సిద్ధపడతారు" అని మేనేజరు గారు అన్నారు. ఇక్కడ మనవాళ్లే ఎక్కువ కాబట్టి తెలుగులోనే చెబుతాను. మిగతావాళ్లకి టీ దగ్గర హిందీలో మళ్లీ చెబుతాను.

1998లో దుర్గ్ స్టేషన్ మెట్లు దిగుతుంటే ఎడమ కాలు మడతపడి చీలమండ దగ్గర ఎముక విరిగింది. మన తెలుగువాళ్లకి పుత్తూరు కట్టు మీదున్న నమ్మకం ఊరు మారినా పోదు. పుత్తూరు దూరం కాబట్టి దగ్గరలో నాటు కట్టు కట్టేవాళ్లని వెతుక్కున్నాం. ఎముక అతికింది, కానీ కాస్త పక్కకి జరిగి అతికింది. ఆ కాస్తే కొంప ముంచింది. రామ్సే, హామిల్టన్ అనే ఇద్దరు వైద్యులు 1976లో ఒక లెక్క చూపించారు. చీలమండ లోపలి ఎముక ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే చాలు, కీలులో ఎముకలు ఒకదాని మీద ఒకటి ఆనే చోటు 42 శాతం తగ్గిపోతుందట. ఒంటి బరువంతా మిగిలిన చోటే మోయాలి. ఇరవై నాలుగేళ్లు అలా మోసి మోసి నా కీలు అరిగిపోయింది. స్క్రూలు బిగించి రెండు ఎముకలనీ ఒకటిగా అతికించేస్తాం, నొప్పి తగ్గుతుంది గానీ ఆ కీలు ఇక కదలదు అన్నారు డాక్టరు గారు. సరేనన్నాను.

ఆసుపత్రిలో ఒక ఫారం ఇచ్చారు. షుగర్ ఉందా, బీపీ ఉందా, ఏ మందులు వాడుతున్నారు, పొగాకు అలవాటు ఉందా అని. చివరి ప్రశ్నకి "లేదు" అని రాశాను. కేవైసీలో ఒక్క గడి తప్పు నింపితే ఖాతాదారుణ్ణి కౌంటర్ దగ్గర ఎంత మాట అంటానో మీకందరికీ తెలుసు. అలాంటిదాన్ని నేనే అబద్ధం రాశాను.

మా నాన్నగారు టెక్కలి దగ్గరి పల్లె నుంచి 1960లో స్టీల్ ప్లాంటు పనికి వచ్చారు. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ అంతకు ముందు ఏడాదే మొదలైంది. అమ్మ ఊళ్లో అడ్డపొగ తాగేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం మా శ్రీకాకుళం ఆడవాళ్లకే చేతనవును. ఇక్కడికి వచ్చాక చుట్ట మానేసి గుడాఖు పట్టుకుంది. పొగాకు పొడి, బెల్లప్పాకం, సున్నం, ఎర్రమట్టి కలిపిన ముద్ద. చత్తీస్‌గఢ్‌లో పొద్దున్నే దాంతో పళ్లు తోముకునేవాళ్లు చాలామందే. పన్నెండో ఏట నుంచి నేనూ అంతే. పళ్లు తోముకోవడమేగా, పొగాకు ఎలా అవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. నిజానికి సిగ్గు.

ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు గారు పరీక్ష చేస్తారు. శ్వాసగొట్టం వేయాల్సి వస్తే ఎలా ఉంటుందో చూడటానికి నోరు బాగా తెరవమంటారు. తెరిచాను. టార్చి వేసి, నా చిగుళ్ల వంక చూసి, ఆవిడ ఒకే ఒక్క మాట అడిగారు. "గుడాఖు?"

తల వంచుకున్నాను.

ఆవిడ కోప్పడలేదు. నికోటిన్ చిన్న రక్తనాళాలని బిగించేస్తుందనీ, పాదానికి రక్తం అందడం తగ్గితే కోసిన చోటు మానదనీ, ఎముక అతకదనీ చెప్పారు. నోట్లో పెట్టినా, పొగ తాగినా రక్తంలోకి వెళ్లేది అదే. ఎముక అతకకపోతే మళ్లీ కోయాలి. ఆరు వారాలు మానేసి రమ్మన్నారు. సెలవు మంజూరైంది, స్ట్రాంగ్‌రూం తాళాలు అప్పగించడం అయింది, ఇన్సూరెన్స్ వాళ్ల ముందస్తు అనుమతి వచ్చింది. తేదీ మారేసరికి అన్నీ మళ్లీ మొదటి నుంచి. ఎందుకని ఇక్కడ అందరూ అడిగారు. షుగర్ ఎక్కువుందని చెప్పాను. అదీ అబద్ధమే. ఇప్పుడు దిద్దుకుంటున్నాను.

మానడం గురించి ఎక్కువ చెప్పను. తలనొప్పి, చిరాకు, పొద్దున్నే విరేచనం కాకపోవడం. తొమ్మిదో రోజు అమ్మ డబ్బీలోంచి కాస్త తీసుకున్నాను. మళ్లీ పరీక్షకి వెళ్లినప్పుడు ఆ మాట కూడా చెప్పేశాను.

ఆ ఆరు వారాల్లోనే నాకు ఇంకో సంగతి అర్థమైంది. మొదటి తేదీకే ఆపరేషన్ అయ్యుంటే నేను ఇంట్లో పడి ఇంకో కాలు విరగ్గొట్టుకునేదాన్ని. ఆపరేషన్ రెండు మూడు గంటల పని, అది డాక్టర్లు చూసుకుంటారు. ఆ తర్వాత ఆరు వారాలు ఆ పాదం నేలకి ఆనకూడదు. వేలి కొస కూడా. అది మన పని. దానికి నేను చేసిన ఏర్పాటల్లా సూట్‌కేసు సర్దుకోవడం.

అప్పుడు వాకర్ కొనితెచ్చి, ఎడమ కాలు ఎత్తి పట్టుకుని ఇంట్లో నడిచి చూశాను. పది అడుగులకే చేతులు వణికాయి. మొదటి అడ్డంకి గడప. దాటబోతే వాకర్ వెనక్కి ఒరిగింది. రెండోది బాత్రూం తలుపు. వాకర్ పట్టలేదు! మూడోది మన పాత పద్ధతి మరుగుదొడ్డి, ఒంటి కాలి మీద కూర్చోవడం కుదరని పని. సుపేలా నుంచి వడ్రంగిని పిలిపించి గడప దగ్గర చిన్న వాలుబల్ల వేయించాను. బాత్రూంలోకి కమోడ్ కుర్చీ, స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ వచ్చాయి. తలుపు దాకా వాకర్, లోపల గోడకి బిగించిన పిడి. నా మంచం మేడ మీద నుంచి కిందికి దింపాం. కాలిపట్టాలన్నీ తీసేశాం. రోజూ చేతుల కుర్చీలో కూర్చుని, చేతులతో ఒళ్లు పైకెత్తడం సాధన చేశాను. రెండు వారాలకి వణుకు పోయింది.

వాకర్ పట్టుకున్న మనిషి టీ కప్పు మోయలేదు. ఇది ఎవరూ చెప్పరు. మెడలో వేసుకునే గుడ్డ సంచీ, మూత బిగుతుగా ఉండే ఫ్లాస్కు, ఈ రెండూ నాకు వాకర్ అంత అక్కరకొచ్చాయి.

మెట్టెల దగ్గర ఇంట్లో పెద్ద గొడవైంది. తీయాల్సిందే అన్నారు ఆసుపత్రిలో. ఆపరేషన్ తర్వాత వేళ్లు వాస్తే మెట్టె బిగిసి రక్తం ఆగిపోతుంది. గోళ్లరంగు, గోరింటాకు, పారాణి కూడా ఉండకూడదు. వేళ్ల రంగు చూసే కాలికి రక్తం అందుతోందో లేదో తెలుసుకుంటారు. భర్త బతికుండగా మెట్టెలు తీయడమేమిటని అత్తయ్య అన్నం మానేశారు. చివరికి ఆవిడ చేతనే తీయించి, పసుపు గుడ్డలో కట్టించి, దేవుడి దగ్గర పెట్టించాను. వేళ్ల సందులు పాసినా, మడమ పగుళ్లు లోతుగా ఉన్నా ముందే చూపించుకోండి. వాటిలోంచి చీము పట్టే భయం ఉంటుంది.

నాకు మోకాలి వెనక నరానికి మత్తిచ్చారు. ఆ రాత్రంతా కాలు ఉన్నట్టే లేదు, హాయిగా ఉందని నొప్పి మాత్ర వద్దన్నాను. తెల్లవారుజామున మత్తు దిగింది. చెప్పలేను. మత్తు దిగకముందే మాత్ర వేసుకోవాలి, అందుకే నర్సు పదిసార్లు చెప్పింది. ఇంటికొచ్చాక కాలు గుండె కన్నా ఎత్తులో ఉంచాలి. కుర్చీలో కూర్చుని స్టూలు మీద పెడితే చాలదు. పడుకుని దిళ్ల మీద పెట్టాలి.

ఎముక అతికింది. ఎగుడుదిగుడు నేల మీద ఇప్పటికీ ఇబ్బందే, బాసింపట్టు వేసుకోవడం కష్టమే. సెక్టార్ 5 బాలాజీ గుడికి మాత్రం నడిచి వెళ్లొస్తున్నాను.

బాబాయ్, మీ జేబులో ఖైనీ డబ్బీ నాకు రోజూ కనిపిస్తూనే ఉంది. అందరి ముందు అన్నానని ఏమీ అనుకోకండి, నా సంగతి కూడా ఇప్పుడే అందరి ముందు చెప్పుకున్నాను. వాళ్లు నోరు తెరవమనే లోపు డాక్టరు గారికి మీరే చెప్పేయండి. నా వాకర్ అటక మీద ఉంది. ఆదివారం మా అబ్బాయి తెచ్చిస్తాడు. ఈలోగా మీ బాత్రూం తలుపు వెడల్పు టేపుతో కొలిచి ఉంచండి.