ఇంటి కావలి - దూరపు కడలి
(రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



భారతమున అరణ్యపర్వమునందు ఒక ఘట్టము కలదు. రాజసూయమునకై శ్రీకృష్ణుడు ఇంద్రప్రస్థమునకేగియుండగా, సాల్వుడు సౌభముతో వచ్చి కడలి యొడ్డునున్న ద్వారకను ముట్టడించెను. ప్రద్యుమ్నాదులు పోరి పురమును నిలుపుకొనిరి. కృష్ణుడు మరలివచ్చి సాల్వుని వెన్నంటి వధించెను. ఆ నడుమనే హస్తినలో జూదము నడచి పాండవులు సర్వస్వము గోల్పోయిరి. దూరమేగ ఇల్లు చిక్కులబడెను. ఇల్లు చక్కబెట్టుచుండ మిత్రులు చెడిరి. నౌకాబలముగల ప్రతి దేశమునకును ఈ ధర్మసంకటము తప్పదు.

2008 అక్టోబరులో మన నౌకాదళము ఏడెన్ సింధుశాఖయందు ఓడదొంగలపై గస్తీ ప్రారంభించెను. నెల దాటిన కొలదిదినములకే, నవంబరు 26 రాత్రి, పదిమంది ముష్కరులు ముంబయిలో దిగిరి. వారు వచ్చినది నడిసంద్రమున చేజిక్కించుకొన్న ‘కుబేర్’ అను మన చేపలపడవ మీదనే. 166 మంది అసువులు బాసిరి. దూరపు గస్తీయే ఇందుకు కారణమనుట న్యాయము కాదు. వేలకొలది పడవల నడుమ పగవాని పడవను పోల్చుకొనుట పెద్ద యుద్ధనౌకకు సులభము కాదు.

అందుచే 2009లో సముద్రభద్రత యంతయు నౌకాదళపు బాధ్యతగా నిర్ణయించి, కావలిని మూడంచెలుగా బిగించిరి. ఒడ్డు వెంబడి తీర పోలీసులు, ఆపైన 1977లో ఏర్పడిన తీరరక్షకదళము, వారి కావల నౌకాదళము. వీరందరికంటె ముందుగా కొత్త పడవను కనిపెట్టువాడు వేటకేగిన జాలరి. అతడు చెప్పు మాటను ఆలకించు అధికారి ఒడ్డున నుండవలయును.

అట్లయిన నౌకలు పరదేశములకు పోనేల? 2015లో యెమెనున యుద్ధము రేగినప్పుడు ‘సుమిత్ర’ యను గస్తీనౌక ఆ జలములందే ఓడదొంగల కావలిలో నుండెను. కనుకనే మార్చి 31 రాత్రి ఏడెన్ రేవు చేరి, 349 మందిని జిబూటికి దాటించగలిగెను. విశాఖనుండి బయలుదేరవలసివచ్చిన ఎన్ని దినములు పట్టెడిది! పరదేశపు రేవున లంగరు వేయుట విహారము కాదు. అచట నూనె, నీరు, తిండి దొరకును. అధికారుల పరిచయము కలుగును. ఆపదవేళ తలుపు తెరపించునది ఆ పరిచయమే.

అయినను ఖర్చు చూడవలయును. దూరజలములందు ఒక నౌకను ఎడతెగక నిలుపుటకు మూడు కావలయునని నావికుల అంచనా: ఒకటి విధిలో, ఒకటి మరమ్మతులో, ఒకటి శిక్షణలోనో ప్రయాణములోనో. కావున పద్దున వ్రాయవలసినది పోయిన నౌక యొక్కటే కాదు. దాని వెనుకనున్న రెండును.

ఇంటి కావలికి వలసినది ముందు తీసియుంచి, మిగిలినదానినే యాత్రకు వినియోగింపవలయును. ప్రతి యాత్రకును ప్రయోజనము ముందే నిశ్చయింపవలయును. మిగులు చాలకున్న నౌకలను పెంచుకొనవలయునే గాని, కావలిని తగ్గింపరాదు. ద్వారకయందు ప్రద్యుమ్నుడు నిలిచినప్పుడే కృష్ణుడు రథమెక్కదగును.