చంపని విషము



చెరువులో విషము కలిసినదని మనకు తెలియుట యెట్లు? చేపలు వెల్లకిలపడి తేలును. గట్టున జనము చేరుదురు. ఎవరు కలిపిరో విచారణ జరుగును. చచ్చిన చేపయే అందుకు సాక్షి. కాని చేపను చంపక, దాని మేతను మాన్పక, దాని సంతానమును మాత్రము హరించు విషములు కొన్ని కలవు. వానికి అట్టి సాక్షి దొరకదు. నేడు వానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

ప్రాణిదేహమున కొన్ని గ్రంథులు కలవు. అవి పుట్టించు రసములను హార్మోనులందురు. ఇవి రక్తమువెంట పోవు జాబుల వంటివి. గ్రుడ్లు పెట్టు కాలము వచ్చినదని చేప దేహమునకు తెలుపునవి ఇవియే. శీలావతి, బొచ్చె మొదలగు చేపలు ఏటి వరదలో గ్రుడ్లు పెట్టునే గాని, నిలిచిన చెరువునీట పెట్టవు. 1957 జూలై 10వ తేదీన హీరాలాల్ చౌధురీగారును వారి సహచరులును చేప మెదడు క్రిందనుండు పీయూషగ్రంథి రసమును సూదితో ఎక్కించి, చెరువుచేపలచేత గ్రుడ్లు పెట్టించిరి. మన జిల్లాలలోని చేపపిల్లల ఉత్పత్తి కేంద్రములకు ఆ ప్రయోగమే మూలము. లేశమంత రసమునకే ఇంత శక్తి కలదని మీలో పలువురు కన్నులార చూచియే యుందురు.

ఇక ఆ జాబునకే దస్తూరి కలిసిన దొంగ జాబు వచ్చినచో నేమగును?

1970వ దశాబ్దము చివర ఇంగ్లండులో మురుగునీరు శుద్ధిచేయు చోట్ల కొన్ని రోచ్ చేపలు కానవచ్చినవి. ఈ రోచ్ మన శీలావతికి చుట్టమే. వానిలో కొన్నింటికి ఆడ మగ లక్షణములు రెండును కలవు. తరువాత బ్రూనెల్ విశ్వవిద్యాలయపు జాన్ సంప్టర్ గారును ఇతర శాస్త్రజ్ఞులును మగచేపలను పంజరములలో నుంచి, శుద్ధిచేసి విడిచిన నీటిలో దించిరి. ఆడచేప కాలేయము గ్రుడ్డుసొనకు కావలసిన మాంసకృత్తు నొకదానిని చేయును. దానికి వైటెల్లోజెనిన్ అని పేరు. కొన్ని వారములలో మగచేపల రక్తమున నది వేలరెట్లు పెరిగెను. 1998లో వెలువడిన పరిశీలనయందు, కొన్ని తావులలో పట్టిన మగ రోచ్ చేపలన్నిటి బీజకోశములలోను ఆడలక్షణములు కనబడినవి.

కారణమేమి? స్త్రీల దేహమునుండి సహజముగా వెడలు ఈస్ట్రోజెన్, గర్భనిరోధపు మాత్రలలోని కృత్రిమ ఈస్ట్రోజెన్, కొన్ని సబ్బుపొడుల శిథిలములు. దేహము ఈ హార్మోనులను కట్టివేసి నిర్వీర్యముగా విసర్జించును. కాని మురుగుకాలువలోని సూక్ష్మజీవులు ఆ కట్టు విప్పి వానికి మరల బలమిచ్చును. కొన్ని పురుగుమందులును హార్మోనుల పనిని చెఱచునని ప్రయోగశాలలలో తేలినది.

ఇంత స్వల్పమునకు వంశనాశనమగునా యని మీరడుగవచ్చును. కెనడా దేశమున ఆంటేరియో రాష్ట్రములో పరిశోధనకై విడిచిన సరస్సులు కలవు. 2001 మొదలు 2003 వరకు కేరన్ కిడ్ గారి బృందము ఒక సరస్సులో మాత్రలలోని ఈస్ట్రోజెన్‌ను వేసవులయందు కలిపెను. ఏబది యెకరముల చెరువున మీటరు లోతు నీరు నిలిచినచో, అందు ఒక గ్రాము కలిపినట్లే ఆ పాళము. చేపలు చచ్చి తేలలేదు. కాని చిన్నచేపలకు పిల్లలు కరవై, వాని జాతి ఆ సరస్సున దాదాపు తుడిచిపెట్టుకొని పోయెను. వానిని తిని బ్రతుకు పెద్దచేపలును తగ్గినవి. మందు మానిన కొన్ని యేండ్లకు చిన్నచేపలు మరల వృద్ధిచెందినవి. ఇదియే మనకు ధైర్యము.

నేను భయపెట్టుటకు వచ్చినవాడను గాను. ఇంగ్లండు నదులలో రోచ్ అంతరింపలేదు. చేపలు తినరాదనియు నేను చెప్పుటలేదు. మురుగును చక్కగా శుద్ధిచేసిన ఈ రసములలో పెద్దపాలు తొలగును. ఓజోను చేతను, ప్రత్యేకముగా సిద్ధపరచిన బొగ్గుచేతను మిగిలినదియు చాలవరకు పోవును. స్విట్జర్లాండు 2016 నుండి ఇట్టి శుద్ధికి చట్టమే చేసినది.

మనము చేయదగినదియు కలదు. ఊరి మురుగును చెరువునకు త్రిప్పకుడు, ఇంకుడుగుంతలకు మళ్లింపుడు. పురుగుమందు డబ్బాలను కాలువలో కడుగనీయకుడు. మిగిలిన మాత్రలను నీటిపాలు చేయనీయకుడు.

చిన్ననాట తొలకరివానలకు మా యూరి కలుజువెంట పరిగెలు ఎదురెక్కుట నేను చూచితిని. ఆ పిమ్మట కొన్నినాళ్లకు గట్టువారను పిల్లలు మబ్బువలె ముసరెడివి. మీ చెరువున నాడు ఎన్ని యుండెడివో పెద్దలైన మీకే తెలియును; పిన్నలకు తెలియదు. ఈ యేడు వర్షములు పడిన పిమ్మట గట్టునకు పోయి చూడుడు. పెద్దచేపలుండి పిల్లలు లేకున్న, ఊరక యుండక నీటిని పరీక్షింపుమని అధికారులకు వ్రాయుడు. చచ్చిన చేప లేనిచోట, నాటి చెరువు నెరిగిన మీరే సాక్షులు.