రెండు మోటార్లకీ ఒకే నంబర్ ఇచ్చా, అయినా షీటు వేలాడింది! డ్రైవ్ సింక్రనైజేషన్ అసలు కథ

ఈరోజు ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, ఏఐ లేదు. రెండు మోటార్ల గురించి మాట్లాడుకుందాం. వాటిని ఒకే స్పీడ్‌లో నడిపించడం ఎంత కష్టమో నాకు ఒక రాత్రిలో తెలిసొచ్చింది. అందులో నా పొరపాటు కూడా ఉంది, దాచకుండా చెప్తా.

మా బాబాయికి హైదరాబాద్ శివార్లలో చిన్న ప్లాస్టిక్ షీట్ యూనిట్ ఉంది. మిరప, టమాటా తోటల్లో మట్టి మీద పరుస్తారు చూడండి, మల్చింగ్ షీట్, అది తయారు చేస్తారు. కరిగిన ప్లాస్టిక్‌ని గాలితో పెద్ద బుడగలా పైకి లేపుతారు. పైన రెండు నిప్ రోలర్లు ఆ బుడగని నొక్కి, చదును చేసి లాగుతాయి. ఆ షీటు కిందికొచ్చి వైండర్ మీద రోల్‌గా చుట్టుకుంటుంది. నిప్‌కి ఒక మోటార్, వైండర్‌కి ఇంకో మోటార్. ఒక్కోదానికీ ఒక్కో వీఎఫ్‌డీ, అంటే ఫ్రీక్వెన్సీ మార్చి మోటార్ స్పీడ్ మార్చే డ్రైవ్.

సమస్య ఏంటంటే, వైండర్ కొంచెం నెమ్మదైతే షీటు వదులై వేలాడుతుంది, రోల్ ముడతలు పడుతుంది. కొంచెం వేగమైతే సాగిపోతుంది. షీటు మందం 25 మైక్రాన్లే, సాగితే ఇంకా పల్చనై పొలంలో పరిచేటప్పుడు చిరుగుతుంది. ఆ సీజన్‌లో ముడతల రోల్స్ కొన్ని వెనక్కి వచ్చాయి. బాబాయ్ ఫోన్ చేసి, "నువ్వు బీటెక్ చదివావు కదరా, ఒకసారి వచ్చి చూడు" అన్నాడు.

వెళ్ళి చూస్తే, ఆపరేటర్ అన్న రెండు నాబ్‌లతో యుద్ధం చేస్తున్నాడు. షీటుని చేత్తో తాకి బిగువు చూడటం, నాబ్ కొంచెం తిప్పడం, మళ్ళీ తాకడం. పన్నెండు గంటల షిఫ్ట్ అంతా ఇదే పని. నాకు నవ్వొచ్చింది. ఇంత చిన్న విషయానికి మనిషెందుకు అనుకున్నా.

ల్యాప్‌టాప్ తీశా. రెండు డ్రైవ్‌లకీ మోడ్‌బస్ పోర్ట్ ఉంది. సెకనుకోసారి రెండింటికీ ఒకే ఫ్రీక్వెన్సీ రాసే చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశా. గేర్, రోలర్ సైజులు రెండు వైపులా ఒకటేనని బాబాయ్ చెప్పాడు. ఇంకేం, రెండు డిస్‌ప్లేలూ 32.50 హెర్ట్జ్ చూపించాయి. పాయింట్ తర్వాత అంకెలు కూడా కలిశాయి! కాలర్ ఎగరేశా.

పది నిమిషాల్లో షీటు కిందికి వేలాడింది.

ఆపరేటర్ అన్న అన్నాడు, "నంబర్లు ఒకటే తమ్ముడూ, స్పీడే ఒకటి కాదు." ఆ ముక్కలోనే మొత్తం సబ్జెక్ట్ ఉంది. ఎందుకో చూద్దాం.

డిస్‌ప్లేలో కనిపించేది మోటార్ స్పీడ్ కాదు, డ్రైవ్ పంపుతున్న ఫ్రీక్వెన్సీ. 4 పోల్స్ ఉన్న మోటార్‌కి 50 హెర్ట్జ్ ఇస్తే లోపలి అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. కానీ ఇండక్షన్ మోటార్ షాఫ్ట్ ఎప్పుడూ దానికంటే వెనకే ఉంటుంది. ఆ తేడానే స్లిప్. నేమ్‌ప్లేట్ మీద 1440 అని రాసి ఉంటే, ఫుల్ లోడ్‌లో 60 చుట్లు వెనకబడుతుందని అర్థం. లోడ్ లేకపోతే దాదాపు 1500కి దగ్గరగా తిరుగుతుంది. మరి నిప్ మీద లోడ్ వేరు, వైండర్ మీద లోడ్ వేరు. ఒకే ఫ్రీక్వెన్సీ ఇచ్చినా రెండూ ఒకే స్పీడ్‌లో ఎందుకు తిరుగుతాయి?

ఇంకో ట్విస్ట్ ఉంది. మామూలు వోల్టేజ్–ఫ్రీక్వెన్సీ కంట్రోల్‌లో 25 హెర్ట్జ్‌కి తగ్గిస్తే క్షేత్రం స్పీడ్ 750 అవుతుంది. కానీ అదే టార్క్‌కి వెనకబడేది మాత్రం దాదాపు అవే 60 చుట్లు. 50 హెర్ట్జ్ దగ్గర 4 శాతం, ఇక్కడ 8 శాతం. అంటే మెషీన్ నెమ్మదిగా నడిచేకొద్దీ తేడా శాతం పెరుగుతుంది. షీటు ఎక్కించేటప్పుడు, స్టార్టింగ్‌లో ఎక్కువ ఇబ్బంది పడటానికి ఇదొక కారణం.

పైగా రోలర్ సైజు. షీటుకి కావాల్సింది చుట్లు కాదు, అంచు దగ్గర వేగం. 200 మిల్లీమీటర్ల రబ్బర్ రోలర్ అరిగి 198 అయితే, అక్కడే 1 శాతం పోయింది. బాబాయ్ చెప్పిన 'ఒకటే సైజు' కొన్న రోజు సైజు మరి!

1 శాతమే కదా అనుకోవద్దు. అందులో సగం, 0.5 శాతం తీసుకోండి. షీటు నిమిషానికి 20 మీటర్లు నడుస్తుంటే తేడా నిమిషానికి 10 సెంటీమీటర్లు. పది నిమిషాలకి ఒక మీటర్ షీటు వేలాడుతుంది. స్పీడ్‌లో తేడా చిన్నదే, కానీ అది పొడవుగా పోగవుతూ ఉంటుంది. మీ గోడ గడియారం రోజుకి రెండు సెకన్లు వెనకబడితే ఈరోజు తెలీదు, నెల తర్వాత బస్సు మిస్సవుతుంది. అలాగన్నమాట.

ఇప్పుడు ఆ రాత్రి విషయం. వేలాడిన షీటుని ఎత్తి సర్దడానికి ఆపరేటర్ అన్న వైండర్ దగ్గర చెయ్యి పెట్టాడు. రోజూ చేసే పనే. కానీ రోజూ చేతిలో నాబ్ ఉండేది, స్పీడ్ తగ్గించి చెయ్యి పెట్టేవాడు. నా స్క్రిప్ట్ నాబ్‌ని పనిచెయ్యకుండా చేసింది. గ్లౌజ్ అంచు డ్రమ్‌కీ రోల్‌కీ మధ్య చిక్కుకుంది. పక్కనున్న కుర్రాడు ఎమర్జెన్సీ బటన్ కొట్టాడు. గ్లౌజ్ పోయింది, చెయ్యి మిగిలింది. నా చేతులు మాత్రం గంటసేపు వణికాయి. నేను తీసేసింది నాబ్ అనుకున్నా. నిజానికి ఆ మెషీన్‌లో ఉన్న ఒకే ఒక్క ఫీడ్‌బ్యాక్‌ని తీసేశా. ఆ మనిషి వేళ్ళే సెన్సర్, ఆ మనిషి బుర్రే కంట్రోలర్.

మర్నాడు బాబాయ్‌కి తెలిసిన ఒక రిటైర్డ్ ఎలక్ట్రీషియన్ వచ్చారు. ఆయన మొదట అడిగింది, "ఇందులో మాస్టర్ ఎవరు?" అని. నేను వైండర్ అన్నా, సరుకు అక్కడే తయారవుతోంది కదా అని. ఆయన తల అడ్డంగా ఊపారు. నిప్ స్పీడ్ మారితే షీటు మందమే మారిపోతుంది. కాబట్టి నిప్పే మాస్టర్. దాన్ని ఎవరూ కదపకూడదు, వైండరే దాని వెనక నడవాలి.

ఆయన చేసిన పనులు ఇవి, వరసగా చెప్తా.

మొదటిది, నిప్ డ్రైవ్ అనలాగ్ అవుట్‌పుట్‌ని వైండర్ డ్రైవ్‌కి స్పీడ్ రిఫరెన్స్‌గా ఇచ్చారు. మాస్టర్ పెరిగితే ఫాలోవర్ పెరుగుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త: ఆ సిగ్నల్ అప్పటికే మెల్లగా పెరుగుతూ వస్తుంది కాబట్టి ఫాలోవర్ సొంత ర్యాంప్ టైమ్ బాగా తక్కువ పెట్టాలి. లేకపోతే ప్రతి స్టార్టింగ్‌లోనూ వెనకబడుతుంది.

రెండోది, మధ్యలో ఒక డాన్సర్ రోలర్. అంటే పైకీ కిందికీ ఊగే చేతికి బిగించిన తేలికపాటి రోలర్, షీటు దాని కింద నుంచి తిరిగి వెళ్తుంది. షీటు వదులైతే రోలర్ దిగుతుంది, బిగిస్తే లేస్తుంది. ఆ చేతికి ఒక పొటెన్షియోమీటర్ పెట్టి, ఆ సిగ్నల్‌ని వైండర్ డ్రైవ్‌లో ఉన్న పీఐడీకి ఇచ్చారు. దిగితే వేగం కాస్త పెంచు, లేస్తే కాస్త తగ్గించు. దీని అందం ఏంటంటే స్లిప్ వల్లనా, రబ్బర్ అరగడం వల్లనా అని అది అడగదు. పోగైన పొడవుని నేరుగా చూస్తుంది. 10 సెంటీమీటర్ల వదులు వస్తే రోలర్ 5 సెంటీమీటర్లు దిగి కళ్ళ ముందు కనిపిస్తుంది.

మూడోది, ఆ సర్దుబాటుకి హద్దు. పీఐడీ అటూ ఇటూ 5 శాతం మాత్రమే మార్చగలదు. ఎందుకంటే షీటు తెగిపోయినా డాన్సర్ కిందికే పడుతుంది. పీఐడీ దాన్ని వదులనుకుని వైండర్‌ని పరిగెత్తిస్తుంది. అందుకే హద్దు పెట్టారు, బాగా దిగితే ఆపేయడానికి ఒక లిమిట్ స్విచ్ కూడా పెట్టారు.

నాలుగోది, ఒక డ్రైవ్ ట్రిప్ అయితే రెండోది కూడా ఆగేలా ఇంటర్‌లాక్. ఐదోది, వైండర్ నిప్ పాయింట్ ముందు గార్డు. ఇది నేను అడిగి పెట్టించా.

ఇదంతా అన్ని మెషీన్లకీ ఒకేలా పనిచేస్తుందా? చెయ్యదు. ఇక్కడ రోల్ డ్రమ్ మీద కూర్చుని తిరుగుతుంది కాబట్టి రోల్ లావైనా పర్లేదు. అదే మధ్య షాఫ్ట్‌ని తిప్పే వైండర్ అయితే, రోల్ 8 సెంటీమీటర్ల నుంచి 32కి పెరిగేసరికి చుట్లు నాలుగో వంతుకి తగ్గాలి. కలర్ ప్రింటింగ్‌లో స్పీడ్ కలిస్తే చాలదు, పొజిషన్ కూడా కలవాలి. పేపర్లో ఫొటో మీద ఎరుపు ఒకచోట, నీలం ఒకచోట పడి మసకగా కనిపించడం చూసే ఉంటారు. అలాంటి చోట ఎన్‌కోడర్లు తప్పనిసరి.

ఇక రెండు మోటార్లూ ఒకే షాఫ్ట్‌కో, ఒకే పొడవాటి కన్వేయర్‌కో బిగించి ఉంటే కథే వేరు. అక్కడ స్పీడ్‌ని బెల్టే కలుపుతుంది, మనం పంచాల్సింది బరువు. కాడికి కట్టిన జోడెడ్లని గుర్తు తెచ్చుకోండి. రెండూ ఒకే వేగంతోనే నడుస్తాయి, వేరే దారి లేదు. కానీ ఒకటి లాగుతుంటే రెండోది ఊరికే నడవచ్చు. అందుకే ఒక డ్రైవ్‌ని స్పీడ్ మీద, రెండోదాన్ని టార్క్ మీద నడుపుతారు. లేదంటే లోడ్ పెరిగితే కాస్త తగ్గే డ్రూప్ సెట్టింగ్ పెడతారు.

మీలో ఎవరైనా డ్రైవ్ ప్యానెల్ మీద పనిచేస్తుంటే ఒక మాట. పవర్ తీసినా లోపలి కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది. మాన్యువల్‌లో రాసినంత సేపు ఆగి, మీటర్‌తో చూసి అప్పుడు ముట్టుకోండి.

ఇప్పుడు బాబాయ్ యూనిట్‌లో ఆపరేటర్ అన్న రెండు నాబ్‌ల మధ్య పరిగెత్తట్లేదు. డాన్సర్‌కి ఎంత బరువు పెట్టాలో, ఏ మైక్రాన్‌కి ఎంత బిగువు ఉండాలో ఆయనే చెప్తాడు. ఆ నంబర్లు ఏ మాన్యువల్లోనూ లేవు, ఆయన వేళ్ళలో ఉన్నాయి. మొదటి రోజే అడిగి ఉంటే ఒక గ్లౌజ్ మిగిలేది.

మీ ఇంట్లోనో, ఊళ్ళోనో ఎవరైనా మెషీన్ మీద పనిచేస్తుంటే, చేత్తో ఏం చూస్తారో అడిగి కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో పీఐడీని బైక్ యాక్సిలరేటర్‌తో అర్థం చేసుకుందాం. అప్పటిదాకా ఉంటా మరి, బై ఫ్రెండ్స్.